యూసుఫ్ భాయ్ రూపంలో వచ్చినవాడు

మొన్న మా బ్యాంకు బ్రాంచిలో పాత కంప్యూటర్లు శుభ్రం చేయడానికి మెకానిక్ వచ్చాడు. డబ్బాల మూతలు విప్పి బ్లోయర్‌తో ఊదితే లోపల పేరుకున్న దుమ్మంతా లేచింది. వేడెక్కిన ప్లాస్టిక్, దుమ్ము కలిసిన ఆ వాసన తగలగానే చేతిలో పని పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఏమైంది మేడం అని పక్క సీటులోని అమ్మాయి అడిగింది. ఏం లేదన్నాను. పంతొమ్మిదేళ్ల వయసులో సరిగ్గా ఆ వాసన మధ్య కూర్చొని, ఒక మనిషి బతికున్నాడో లేదో తెలియక, స్క్రీన్ వైపు చూస్తూ గడిపిన రోజులు గుర్తొచ్చాయని ఆమెకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి?

అది మేం 'ఆపా', అంటే అక్క అని పిలిచే ఫర్హానా నెట్ సెంటర్ వాసన. సిద్దిపేటలో మా డిగ్రీ కాలేజీ నుంచి బస్టాండుకు వెళ్లే దారిలో ఒక సందులో ఆమె ఇల్లు ఉండేది. ఇంటి ముందు గదినే సెంటర్‌గా మార్చింది. ఆమె భర్త యూసుఫ్ భాయ్ గల్ఫ్‌లో ఏసీలు రిపేరు చేసేవాడు. ఆయన పంపిన డబ్బుతో కొన్న కంప్యూటర్లు గోడ పొడుగునా ఉండేవి. ఆడపిల్లల కోసం రెండు క్యాబిన్లు తన కుర్చీ పక్కనే వేయించింది. ఆమె ఉందన్న ధైర్యంతోనే మా ఇళ్లల్లో మమ్మల్ని అక్కడికి పోనిచ్చేవారు. అప్పటికి ఆపాకు ముప్పై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా వినేది, విన్నాక కాసేపు ఊరుకొని అప్పుడు అడగాల్సింది అడిగేది.

మాది ఆ దగ్గరి మిరుదొడ్డి. బాపు అని పిలిచే మా నాన్న మహారాష్ట్రలోని భీవండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. నేను సిద్దిపేటలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గది కిరాయికి తీసుకొని చదువుకునేదాన్ని. చదువు అని పేరే కానీ తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఆ కాలంలో కాలేజీ ఒకరోజు తెరిస్తే రెండు రోజులు మూతపడేది. చౌరస్తాలో దీక్షా శిబిరం, సాయంత్రం ర్యాలీ, మర్నాడు బంద్. మేమూ నినాదాలిచ్చాం, మానవహారాల్లో నిలబడ్డాం. కానీ గదికి తిరిగి వచ్చాక భయం పట్టుకునేది. మా వయసు పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న వార్తలు పేపర్లో కనిపించని రోజు ఉండేది కాదు. అవ్వ, మా అమ్మ, ఫోన్ చేసి మరేమీ అడిగేది కాదు. "తిన్నవా బిడ్డా? ఒక్కదానివే ఉండకు," అని మాత్రం అనేది. అలా ఒక్కదాన్నే ఉండకూడదని ఆపా సెంటర్‌కు వెళ్లడం మొదలుపెట్టాను.

ఒక శుక్రవారం ఆమె స్క్రీన్ మీద ఒక నది కనిపించింది. రేవు మెట్ల మీద ఒక ఆడమనిషి, ఒక మగమనిషి పక్కపక్కనే కూర్చున్నారు. చుట్టూ గుర్రాలు, కత్తులు, బజారు. ఊళ్లో కుర్రాళ్లంతా ఆడుతున్న ఆన్‌లైన్ ఆట అది. ముప్పై దాటిన ఆమె కూడా ఆడటం నాకు వింతగా తోచింది.

"ఈయన మా ఆయన," అంది ఆపా, ఆ మగమనిషిని వేలితో చూపించి. "జుమ్మా నాడు సెలవు. పనోళ్లు ఉండే క్యాంపుల కూసొని ఆడుతడు. ఫోన్ల అయితే నిమిషం నిమిషానికి బిల్లు యాదికొస్తది, ఉన్న మాట కూడ మర్చిపోత. గీడ అయితే ఊకె కూసోవచ్చు."

నిజంగానే వాళ్లిద్దరూ అక్కడ ఊరికే కూర్చునేవారు. నాలుగు మాటలు టైపు చేసుకునేవారు. కొంతసేపు పడవలో తిరిగి ఏదో ఒక వస్తువు సంపాదించేవారు. దాన్ని ఇద్దరి పెట్టెలో దాచేవారు. అది జోడు తాళం పెట్టె. ఇద్దరూ ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. నీలిమంట దీపాలు, వెండి తెడ్లు, ఎప్పుడో పండగకు ఆటవాళ్లు ఇచ్చిన పూలచెట్టు, అన్నీ అందులో ఉన్నాయని ఆపా చెప్పింది. అవి బజారులో మంచి ధర పలుకుతాయట. అమ్మాలన్న ఆలోచన మాత్రం వాళ్లకు లేదు.

నాకూ ఒక అకౌంటు తెరిచి ఇచ్చింది. బంద్‌ల పుణ్యమా అని కొన్ని నెలల్లో నేను ఒక తెల్ల గుర్రం సంపాదించాను. ఎలాంటి గుర్రమంటే, బజారులోకి వెళ్తే జనం ఆగి చూసేవారు. బయట ప్రపంచంలో నాదంటూ చెప్పుకోవడానికి ఏమీ లేని వయసు. అందుకే అది పోతుందేమోనన్న బెంగ కూడా అంతే పెద్దగా ఉండేది.

ఒకరోజు ఆ బజారులో ఒకడు నా గుర్రానికి సరిపోయే బంగారు జీను ఉందని, నా దగ్గరున్న వస్తువులు కొన్ని ఇస్తే మార్చుకుంటానని అన్నాడు. వస్తువులు మార్చుకునే ట్రేడ్ విండో తెరిచాడు. జీను పెట్టాడు. నేను చూశాను, నిజమైనదే. ఒప్పుకోబోతుండగా వాడే రద్దు చేశాడు. నెట్ సరిగా లేదు, మళ్లీ పెడతానన్నాడు. మళ్లీ పెట్టాడు. త్వరగా, త్వరగా, ఇంకొకరు అడుగుతున్నారు అని వరుసగా రాస్తున్నాడు. నా వేలు మౌస్ మీదకు వెళ్లింది.

"చెయ్యి తియ్యి స్వరూపా," అంది ఆపా తన కుర్చీలోంచి.

నేను తీశాను. ఆమె లేచి వచ్చి నా భుజం మీదుగా వంగింది.

"ఇప్పుడు పెట్టిన దాని పేరు చదువు."

చదివాను. బొమ్మ అదే, రంగు అదే. పేరు మాత్రం వేరు. కొత్తగా చేరినవాళ్లకు ఉత్తినే ఇచ్చే ఇత్తడి జీను అది. నా చెవులు వేడెక్కాయి.

"మొదటిసారి పెట్టింది నీకు చూపెట్టనీకె. రెండోసారి పెట్టింది నీకు ఇయ్యనీకె. చివరికి ఏదున్నదో గదే నీది. ఎవడన్న నిన్ను ఉరికిస్తుండంటే, నువ్వు నిలబడి చూస్తే వాని పని కాదన్నట్టు."

విండో మూసేయగానే వాడు నన్ను తిట్టి మాయమయ్యాడు. పోయిందేమీ లేదు. అయినా కనబడని మనిషి ఒకడు నన్ను గమనించి, నా ఆశ ఎంతో కొలిచి, దానికి తగ్గట్టు మాట్లాడాడన్న సంగతి మింగుడుపడలేదు.

రెండో వాడు ఇంకా తెలివైనవాడు. ఆ ఆటలో మా ప్రాంతం వాళ్లం ఒక జట్టుగా ఉండేవాళ్లం. అందరం బజారు చౌరస్తాలో మన పాత్రలతో ఊరేగింపు తీద్దామని ఎవరో అన్నారు. జైతెలంగాణ అని పేరు పెట్టుకున్న ఒకడు నా దగ్గరికి వచ్చాడు. ఇంగ్లిష్ అక్షరాల్లో మన భాషే రాశాడు. మనది సిద్దిపేటనే అన్నాడు. ఊరేగింపు ముందర తెల్ల గుర్రం ఉంటే బాగుంటది, ఒక్కపూట ఇయ్యి అక్కా, ఆట అయినంక పంపిస్త అన్నాడు. ఉద్యమం కోసం పిల్లలు ప్రాణాలే ఇస్తుంటే ఒక బొమ్మ గుర్రం ఇవ్వలేనా అనిపించింది. అనుమానించడమే పాపమనిపించింది. ఆపాను అడగకుండానే ఇచ్చేద్దామనుకున్నాను, కానీ ఎందుకో ఆమె వైపు చూశాను.

ఆపా వాడు రాసిందంతా చదివింది. ఆ తర్వాత అంది: "తెలంగాణ నీకు గూడ గావాలె గద. గుర్రం నీదే గద. నువ్వే ఎక్కి ముందర నడువు. గదే రాయి వానికి."

అలాగే రాశాను. నేనే వస్తాను, గుర్రం మీద నేనే ముందు నడుస్తాను అని. అటునుంచి జవాబు లేదు. కాసేపటికి ఆ పేరు కూడా కనబడలేదు. మర్నాడు ఊరేగింపులో నేనే ముందు నడిచాను. మా జట్టులో ఒక కుర్రాడు వాడికి కత్తి ఇచ్చి పోగొట్టుకున్నాడని చాలా రోజుల తర్వాత తెలిసింది. మనవాళ్లు నవ్వుతారని ఆ కుర్రాడు ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే వాడు నా దగ్గరికి వచ్చేసరికే అందరికీ వాడి సంగతి తెలిసి ఉండేది. ఇది నాకు అప్పట్లో అంత పట్టలేదు. ఆపాకు పట్టింది. "దొంగతనం కంటె గీ సప్పుడు చెయ్యకుండుడే ఖరాబ్," అని రెండు మూడు సార్లు తనలో తాను అనుకున్నట్టు అంది.

ఆ ఊరేగింపు అయిన కొన్నాళ్లకు పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. ఆఫీసులు, బడులు మూతపడ్డాయి. కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. మా గదిలో మిగతా ఇద్దరూ సమ్మెకు ముందే ఊళ్లకు వెళ్లిపోయారు. నేను మాత్రం పరీక్షలు పెడతారేమోనని చూస్తూ ఉండిపోయాను. పగలంతా ఆపా సెంటర్లోనే ఉండేదాన్ని. షట్టర్ సగం దించి కూర్చునేవాళ్లం.

ఒక బుధవారం మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ఆపా ఆటలోకి వెళ్లగానే రేవు మెట్ల మీద యూసుఫ్ భాయ్ నిలబడి ఉన్నాడు. ఆపా ముఖం వెలిగింది, వెంటనే అనుమానంతో ముడుచుకుంది. బుధవారం ఆయనకు డ్యూటీ.

"ఫర్హానా, అర్జెంటు. పెట్టె తెరువు. అన్నీ నాకు ఇచ్చెయ్. తర్వాత చెప్తా," అని ఇంగ్లిష్ అక్షరాల ఉర్దూలో వచ్చింది.

ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. "పేరు పెట్టి పిలుస్తుండు," అంది మెల్లగా. పెళ్లయినప్పటినుంచి యూసుఫ్ భాయ్ ఆమెను 'సునో', అంటే 'విను' అని తప్ప పిలవలేదట. తిన్నావా అని అడగకుండా మాట మొదలుపెట్టింది కూడా లేదట.

"పరేషాన్‌ల ఉన్నడేమో ఆపా," అన్నాను. "పాపం, ఏదన్న కష్టమొచ్చిందేమో. అడుగు."

"అడుగుత," అంది. ఆమె టైపు చేసింది నేను చదివాను. 'ఇస్తాను. అమ్మీ కంటి ఆపరేషన్ మంచిగా అయింది. మీకు చెప్పమంది.'

జవాబు వెంటనే వచ్చింది. 'అమ్మీకి నా సలాం చెప్పు. నువ్వు ముందు పెట్టె తెరువు.'

ఆపా కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. వాళ్లు అమ్మీ అనే యూసుఫ్ భాయ్ తల్లి చనిపోయి చాలా ఏళ్లయింది.

స్క్రీన్ మీద ఆ మనిషి మాత్రం అదే టోపీతో, అదే కోటుతో, అదే మెట్టు మీద నిలబడి త్వరగా, త్వరగా అంటున్నాడు. ఆపా పెట్టె తెరవలేదు. ఆ మాటలన్నీ ఫోటో తీసి ఆట కంపెనీకి రాసింది. ఆ పని చేస్తున్నంతసేపు స్థిరంగానే ఉంది. పంపించాక నా వైపు తిరిగింది.

"వీడు ఆయన కాదు. మరి ఆయన ఏడ ఉన్నడు?"

ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ వచ్చింది. సాయంత్రం చేసినా అదే, మర్నాడు చేసినా అదే. క్యాంపులో ఆయనతో పాటు దౌల్తాబాద్ సత్తయ్య అనే అతను ఉండేవాడు. ఆ సత్తయ్య నంబరు మారిపోయింది. శుక్రవారం రేవు మెట్ల మీదకు ఎవరూ రాలేదు. ఆపా నమాజు చేసి వచ్చి ఖాళీ మెట్లను చూస్తూ కూర్చునేది. పనిలో కిందపడ్డాడా, పోలీసులు పట్టుకున్నారా, ఫోన్, అకౌంటు లాక్కొని ఎవరైనా ఏమైనా చేశారా, ఇవన్నీ ఇద్దరం ఆలోచించాం కానీ ఒకరికొకరం చెప్పుకోలేదు. మరిగిన చాయ్ చల్లారిపోయేది.

శనివారం పొద్దున ఆపా స్కూటీ బయటికి తీసింది. "సత్తన్న పెండ్లాం ఊర్లనే ఉంటదంట. రైసు మిల్లు పక్కన ఇల్లు. ఆమె దగ్గర నంబరు ఉంటది. నీకు తొవ్వ తెలుసు గద, నడువు."

దారి మా ఊరి మీదుగానే. నేను వెనక కూర్చున్నాను. రోడ్డంతా నిర్మానుష్యంగా ఉంది. ఒకచోట రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు పెట్టి, మధ్యలో పొయ్యిలు వెలిగించి నిరసనగా వంటావార్పు చేస్తున్నారు. ఒక యువకుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంద్ ఉన్నది తెల్వదా అక్కా? ఏడికి?"

ఆపా బండి ఆపింది. "మా ఆయన దుబాయిల ఉన్నడు తమ్మీ. జాడ తెలుస్తలేదు. దౌల్తాబాద్‌ల ఒకాయనను అడగనీకె పోతున్న."

అతను ఇంకేమీ అడగలేదు. ఇద్దరు కలిసి ఒక రాయి పక్కకు జరిపారు. ఒక పెద్దమనిషి విస్తరాకులో పులిహోర పెట్టి, "తిని పో బిడ్డా, కండ్లు తిరుగుతయి," అన్నాడు. ఆపా వద్దనలేదు. నిలబడే రెండు ముద్దలు తింది. ఆ కొద్ది రోజుల్లో ఆమె నా ముందు తిన్నది అదే మొదటిసారి.

దౌల్తాబాద్‌లో సత్తయ్య భార్య లచ్చవ్వ మమ్మల్ని కూర్చోబెట్టి తన ఫోన్ నుంచే భర్తకు కలిపింది. ఆయన గొంతు బయటికి వినిపించింది. "యూసుఫ్ భాయా? గీడనే ఉన్నడు. ఆయనకు ఏమైందో ఏమో, వారం సంది సరిగ తింటలేడు, ఎవరితోటి మాట్లాడుతలేడు. ఉండుండ్రి, ఇస్త."

ఆపా ఫోన్ అందుకొని గోడకు ఆనుకుంది. అటునుంచి యూసుఫ్ భాయే చెప్పుకున్నాడు. నీలిమంట దీపం ఉచితంగా ఇస్తామని ఒక పేజీ వచ్చిందట. అచ్చం ఆటవాళ్ల పేజీలాగే ఉందట. ఆపా పుట్టినరోజుకు ఇద్దామని అందులో తన పేరు, పాస్‌వర్డ్ కొట్టాడట. మరుక్షణం అకౌంటు తన చేతుల్లోంచి పోయింది. జాగ్రత్తగా ఉండు, ఎవరినీ నమ్మకు అని ఆమెకు అన్నీ నేర్పింది ఆయనే. ఇన్నేళ్ల సొమ్మంతా తన చేత్తోనే పోయిందని ఎలా చెప్పాలో తెలియక ఫోన్ కట్టేసి కూర్చున్నాడు.

వాళ్లు ఉర్దూలోనే మాట్లాడుకున్నారు. ముస్లింల ఇళ్ల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకు అర్థమయ్యేది. ఆపా అంతా విన్నది. ఎప్పటిలాగే ఎక్కడా అడ్డు రాలేదు. అప్పుడు అంది: "పోతే పోనీ. మోసం ఎవరికైనా జరుగుతుంది. కానీ వాడు మీ రూపంలో వచ్చి నాతో మాట్లాడాడు. మీరు నోరు విప్పకపోతే నాకు వాడే మీరవుతాడు కదా."

అటువైపు ఏడుపు వినిపించింది. లచ్చవ్వ, నేను లేచి వాకిట్లోకి వెళ్లిపోయాం.

ఆ మర్నాడు యూసుఫ్ భాయ్ కొత్త అకౌంటు తెరిచి, మా జట్టు అందరి ముందూ జరిగింది జరిగినట్టు రాశాడు. ఏ పేజీ, ఎలా ఉంది, తనను ఏ ఆశ లాగింది, ఏదీ దాచలేదు. నవ్వుతారనుకున్నాం. ఒక్కరూ నవ్వలేదు. కత్తి పోగొట్టుకున్న కుర్రాడు అప్పుడు బయటపడ్డాడు. ఇంకా ముగ్గురు నలుగురు మాక్కూడా జరిగిందన్నారు. ఒకతను, యూసుఫ్ పేరుతో ఎవరో తనను కూడా వస్తువులు అడిగారని, సాయంత్రం ఇద్దామనుకున్నానని రాశాడు. ఆ సాయంత్రం అతను ఇవ్వలేదు.

పాత అకౌంటు మాత్రం ఎన్ని ఉత్తరాలు రాసినా తిరిగి రాలేదు. ఇద్దరి అనుమతి కావలసిన ఆ పెట్టె ఇక ఎన్నటికీ తెరుచుకోదు. దొంగకూ దక్కలేదు, వీళ్లకూ దక్కలేదు. తర్వాతి శుక్రవారం ఆపా తన పాత పాత్రను వదిలేసి, ఆయనలాగే కొత్తగా మొదలుపెట్టింది. కొత్తవాళ్లకిచ్చే మాసిన బట్టల్లో ఇద్దరూ రేవు మెట్ల మీద కూర్చున్నారు. ఎందుకు ఆపా, నీది పోలేదు కదా అన్నాను. "ఆయన ఒక్కడే పేదోడైతె నాకు మంచిగుంటదా?" అంది.

రాష్ట్రం వచ్చింది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. యూసుఫ్ భాయ్ తిరిగొచ్చి నిజామాబాద్‌లో ఏసీల దుకాణం పెట్టుకున్నాడు. ఆపా అక్కడికి వెళ్లిపోయింది. నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు సంతోషించి, చివరన మాత్రం, "నీ దగ్గరికి మోసపోయి వస్తరు. ఎట్ల మోసపోయినవని అడగకు. వచ్చి చెప్పిండు గద, గది చూడు," అంది.

అలా వచ్చేవాళ్లు నిజంగానే చాలామంది. పోయిన నెల ఒక బడి పంతులు వచ్చారు. బ్యాంకు నుంచే మాట్లాడుతున్నామని ఎవరో నమ్మించి ఆయన ఖాతా ఖాళీ చేశారు. పక్క గదిలో కూర్చోబెట్టి ఫిర్యాదు నమోదు చేస్తున్నంతసేపు ఆయన తల ఎత్తలేదు. "ఇంట్ల తెల్వద్దు మేడం, నలుగురికి చెప్పేటోణ్ణి," అన్నారు.

నేను పెన్ను పక్కన పెట్టాను. "సార్, మీ ఫోన్‌లో ఉన్నవాళ్లందరి నంబర్లు ఇప్పుడు వాడి దగ్గర ఉండొచ్చు. రేపు మీ పేరు చెప్పి మీ వాళ్లనే అడుగుతాడు. ముందు ఇంట్లో చెప్పండి. కావాలంటే ఇక్కడినుంచే."

ఆయన చాలాసేపు ఫోన్ చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత భార్యకు కలిపారు. రెండుసార్లు గొంతు సవరించుకొని, "నేను మోసపోయిన," అన్నారు. నేను లేచి తలుపు దగ్గరగా వేసి, బయట వరుసలో ఉన్నవాళ్లను కాసేపు ఆగమన్నాను.